జోడు పంటల విత్తన కిట్: జతలు మంచివే, మార్పిడి పట్టికను సరిచేసుకోవాలి

విశాఖ నర్సరీల్లో ఇప్పుడు విత్తన పొట్లాలకు తోడు, ఏ మొక్క పక్కన ఏది వేయాలో, ఏ పంట తర్వాత ఏది వేయాలో చెప్పే పట్టికను కూడా పెట్టి మిద్దెతోట కిట్లు అమ్ముతున్నారు. మేం పరిశీలించిన కిట్‌లో వంగ, టమాటా, బెండ, గోంగూర, బీర, బొబ్బర్లు, క్యాబేజీ, ఆవాలు, పొడుగు బంతి విత్తనాలు, కొంచెం వేపపిండి, ట్రైకోడెర్మా విరిడి (మట్టి తెగుళ్లను అణిచే మేలు శిలీంద్రం) పొడి ఉన్నాయి. విత్తనాల ఎంపిక బాగుంది. పట్టికను మాత్రం ఉన్నదున్నట్టు పాటించకూడదు.

క్యాబేజీకి ఆవాలు, టమాటాకు బంతి ఎర పంటలుగా, అంటే పురుగును తమవైపు లాగి అసలు పంటను కాపాడేవిగా ఇవ్వడం సరైన పనే. పొలాల్లో 25 వరుసల క్యాబేజీకి 2 వరుసల ఆవాలు వేస్తారు. ఒక వరుసను క్యాబేజీ నాటడానికి 15 రోజుల ముందు, రెండోదాన్ని నాటిన 25 రోజులకు విత్తితే క్యాబేజీ ఆకుల్ని తినే డైమండ్ రెక్కల పురుగు గుడ్లు పెట్టడానికి లేత ఆవ మొక్క ఎప్పుడూ ఉంటుంది. బంతి, టమాటా రెండూ ఒకే రోజు విత్తమని కిట్ చెబుతోంది. అది తప్పు. 40 రోజుల బంతి నారు, 25 రోజుల టమాటా నారు కలిపి నాటితేనే రెండూ ఒకేసారి పూతకొస్తాయి. బంతి ఆలస్యమైతే శనగపచ్చ పురుగు నేరుగా టమాటా కాయల్లోకే వెళుతుంది. కనుక బంతి నారు రెండు వారాల ముందే పోసుకోండి. బంతి మొగ్గల్లో చేరిన పురుగుల్ని రోజూ ఏరేయకపోతే ఎర పంట వేసి లాభం లేదు.

అసలు లోపం పంట మార్పిడిలో ఉంది. బెండ తర్వాత గోంగూర వేయమన్నారు. రెండూ పత్తి కుటుంబమే, అది మార్పిడి కాదు. వంగ, బెండ, బీర, బొబ్బర్లు అనే వరుసలో కుటుంబాలు వేరే. కానీ వేరుబుడిపె నులిపురుగులు (వేళ్లలో చేరి వాటిని ఉబ్బించే, కంటికి కనిపించని పురుగులు) ఈ నాలుగింటినీ పట్టుకుంటాయి. అందుకే పంట అయ్యాక మొక్కను పీకి వేళ్లు చూడాలి. బొబ్బర్లలో నత్రజనిని పట్టే బుడిపెలు వేరు పక్కన అంటుకుని ఉంటాయి, గిల్లితే ఊడొస్తాయి, కోస్తే లోపల గులాబీ రంగు. నులిపురుగులు చేరితే వేరు తానే ఉబ్బిపోతుంది, ఆ ఉబ్బు ఊడదు. అలా కనిపిస్తే ఆ గ్రో బ్యాగు (మట్టి నింపి మొక్కలు పెంచే సంచి) నిండా పొట్టి ఫ్రెంచ్ బంతి ఒత్తుగా రెండు నెలలు పెంచి, అదే మట్టిలో నరికి కలపండి. మూలన ఒక్క బంతి మొక్క పెడితే ఏమీ కాదు. కిట్‌లో ఈ రకం లేదు, విడిగా కొనాలి.

గ్రో బ్యాగుల్లో మార్పిడి అంటే మట్టి లెక్క. బ్యాగులకు నంబర్లు వేసి, దేనిలో ఏం పండిందో రాసుకోండి. సీజను చివర అన్ని బ్యాగుల మట్టీ ఒక్క కుప్పగా పోసి మళ్లీ నింపితే తెగులు అన్నిటికీ పాకుతుంది. మిద్దెతోటల్లో తరచూ జరిగే పొరపాటు ఇదే.

పట్టికలో మన తీరం ఊసే లేదు. బీర పందిరిని అక్టోబరులో వేయమనడం విశాఖలో కుదరదు. 2014లో హుద్‌హుద్ తుపాను వచ్చింది అక్టోబరు 12నే. తీగజాతులు జూన్‌లో విత్తి అక్టోబరుకల్లా దించేయండి, లేదా జనవరిలో వేయండి. ఆ మధ్యలో ఆకుకూరలు చాలు.

ట్రైకోడెర్మాను చెంచాతో మట్టిపై చల్లమన్నారు. అంతకన్నా 900 గ్రాముల మాగిన పశువుల ఎరువు, 100 గ్రాముల వేపపిండిలో 20 గ్రాముల పొడి కలిపి, తడి గోనె కప్పి, నీడలో వారం ఉంచి వాడితే శిలీంద్రం బాగా పెరుగుతుంది. రసాయన శిలీంద్రనాశినులతో కలపొద్దు. ఇది బతికున్న సరుకు. ఎండలో వేలాడదీసిన ప్యాకెట్‌ను, గడువు దాటినదాన్ని కొనకండి.