హుద్‌హుద్ తర్వాత కొన్న స్టీలు ఫిల్టరు, క్లోరిన్ బిళ్లలు: పదకొండేళ్లు వాడాక

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మా విశాఖ మీద పడ్డ రోజు రాత్రి, గోడకున్న ఆర్వో మిషన్‌లో మిగిలినవి నాలుగు గ్లాసుల నీళ్లు. కరెంటు పోయింది కాబట్టి మిషనూ లేదు, మోటారూ లేదు. మాది మద్దిలపాలెంలో మూడో అంతస్తు. మర్నాటికి పై ట్యాంకు అడుగంటింది. మూడోరోజు అందరం చందాలేసుకుని, గంటకింత అని జనరేటరు అద్దెకి తెచ్చి మోటారు ఆడిస్తే, కుళాయిలోంచి టీ డికాషన్ రంగు నీళ్లు దిగాయి. కాచుకుందామంటే సిలిండరు చివరికొచ్చేసింది. అత్తయ్యగారు బిందెలో పటిక ముక్క తిప్పి, "మా ఊళ్లో అయితే చిల్లగింజ అరగదీసేవాళ్లమే అమ్మాయ్, చెరువు నీళ్లు అద్దంలా తేరేవి" అన్నారు. తెల్లారేసరికి మట్టి అడుక్కి దిగింది, నిజమే. క్రిములు మాత్రం పటికకీ చావవు, చిల్లగింజకీ చావవు. పిల్లలకి ఆ నీళ్లు పట్టాలంటే నాకు చెయ్యి రాలేదు.

ఆ నెలాఖర్లోనే పూర్ణా మార్కెట్‌కి వెళ్లి స్టీలు ఫిల్టరు కొన్నాను. మన చిన్నప్పటి రెండరల డబ్బానే. పై అరలో నీళ్లని వడకట్టే రెండు పింగాణీ క్యాండిళ్లు, కింద కుళాయి. కరెంటు అక్కర్లేదు. రాత్రి పడుకునే ముందు పై అర నింపితే పొద్దున్నకి కిందకి దిగుతాయి. ఇంటికి చుట్టాలొస్తే మాత్రం చాలవు, అంత నెమ్మది.

క్యాండిలు మట్టినీ, చాలావరకు బ్యాక్టీరియానీ ఆపుతుంది. వైరస్‌లని ఆపుతుందని నమ్మకూడదు. ఉప్పునీటికీ, నల్గొండ వైపు ఫ్లోరైడు నీటికీ ఇది పనికిరాదు. వారానికోసారి క్యాండిల్ని మెత్తటి బ్రష్షుతో ఉత్త నీళ్లలో తోమాలి. సబ్బు తగలనివ్వకండి, ఆ వాసన ఓ పట్టాన వదలదు. 2019 వానల్లో ఒకరోజు కింది అర గంటలోనే నిండిపోయింది. తోమాను కదా, బాగా పనిచేస్తోందని మురిసిపోయాను. మా ఆయనకి అనుమానమొచ్చి, పూలకుండీలోంచి గుప్పెడు ఎర్రమట్టి తెచ్చి పై అరలో కలిపారు. కిందకి ఎర్రనీళ్లే వచ్చాయి! క్యాండిలు అడుగున, ప్లాస్టిక్ మూతకి అతికించిన చోట, వెంట్రుకంత బీట. ఎన్నాళ్ల నుంచి ఉందో ఏమో. అప్పట్నుంచీ నీళ్లు త్వరగా దిగుతున్నాయంటే ముందు భయపడతాను. క్యాండిళ్ల జత ఒకటి అటక మీద ఎప్పుడూ ఉంటుంది.

ఇక క్రిముల్ని చంపే క్లోరిన్ బిళ్లలు. మా స్ట్రిప్‌లో ఒక బిళ్ల 20 లీటర్లకి. బిళ్ల సైజుని బట్టి ఈ లెక్క మారుతుంది, స్ట్రిప్ మీదది చదివే వెయ్యండి. వేసి కలిపి, మూతపెట్టి అరగంట ఆగాలి. మురికి నీళ్లలో నేరుగా వేస్తే క్లోరిన్ ఆ మురికితోనే ఖర్చయిపోతుంది. అందుకని పాత కాటన్ చీర నాలుగు మడతలేసి వడకట్టి, వీలుంటే ఫిల్టర్లో దించి, ఆ తర్వాతే బిళ్ల. వాసన మాత్రం స్విమ్మింగ్‌పూల్ వాసనే. అరగంటయ్యాక రెండు శుభ్రమైన గిన్నెల మధ్య నాలుగుసార్లు తిరగబోస్తే కాస్త తగ్గుతుంది. మా చిన్నాడు అయినా ముక్కు మూసుకునే తాగుతాడు. స్ట్రిప్‌ని సింకు కింద పెట్టిన ఏడాది చెమ్మకి బిళ్లలన్నీ పిండైపోయాయి. ఇప్పుడు బిగుతు మూత సీసాలో, తారీఖు బయటికి కనబడేలా ఉంచుతున్నాను.

నిల్వకి బిందెలు మానేశాం. వెడల్పు మూతి కనబడితే ఎవరో ఒకరు చేత్తో సహా గ్లాసు ముంచేస్తారు. శుద్ధి చేసిన శ్రమంతా అక్కడ పోతుంది. మనిషికి తాగడానికీ వంటకీ కలిపి రోజుకి మూడు లీటర్లు అనుకుంటే, నలుగురికి మూడ్రోజులకి 36. అందుకే 20 లీటర్ల క్యాన్లు రెండు, ఇరుకు మూతివి, కుళాయి ఉన్నవి. మొదట బాల్కనీలో పెట్టాను, ఎండకి లోపల పచ్చగా పాకుడు పట్టింది. ఇప్పుడు మంచం కింద, గోనె కప్పి. నెలకోసారి ఆ నీళ్లు బట్టలకి వాడేసి కొత్తవి పడతాను. తుపాను పేరు టీవీలో వినబడగానే కరెంటు ఉండగానే బకెట్లు కూడా నింపేస్తాను, 2025లో మొంథా అప్పుడూ అదే చేశాం.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడని ముంచినప్పుడు సింగ్‌నగర్‌లో మా చెల్లి మేడ మీద ఇరుక్కుంది. సంపు నిండుగా ఉంది, కానీ వరదనీరు కలిసిపోయింది. సంక్రాంతికి వచ్చినప్పుడు నా దగ్గర పట్టుకెళ్లిన బిళ్లలు ఉన్నాయి దాని దగ్గర. వాటర్ ప్యాకెట్లు అందేదాకా వాననీళ్లు పట్టి, చున్నీతో వడకట్టి, బిళ్ల వేసుకుని తాగారు. "అక్కా, ఒక్క బిళ్లకి ఇరవై లీటర్లు పట్టడానికి ఇంట్లో అంత గిన్నె లేదే, సగం విరిచి బకెట్లో వేశాను" అంది ఫోన్లో. ఆ తర్వాత చిన్న బిళ్లల స్ట్రిప్ కూడా ఒకటి కొన్నాను.

ఫిల్టరు మీద నా ఫిర్యాదు ఒక్కటే, కుళాయి. పదకొండేళ్లలో మూడుసార్లు మార్చాను. వాషరు అరిగి రాత్రంతా బొట్టుబొట్టుగా కారుతుంది. పొద్దున్న లేచేసరికి గట్టంతా తడి, కింది అర సగం ఖాళీ. ప్లాస్టిక్‌ది తీసేసి ఈసారి స్టీలు కుళాయి బిగించాం. ప్రస్తుతానికి కారట్లేదు.