ఓడ దిగి శాంటోరిని కొండ ఎక్కడం: అక్కడి పడవ, కేబుల్ కారు, బస్సులపై సమీక్ష

విదేశాల్లో స్థిరపడిన పిల్లల దగ్గరకు వెళ్లే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పెద్దలు కొందరు ఈ మధ్య అక్కడి నుంచి గ్రీసు దీవుల క్రూయిజ్ ఓడలు కూడా ఎక్కుతున్నారు. శ్రీకాకుళంలో ఉండే మా అమ్మానాన్నలను వెంటబెట్టుకుని మేమూ అలాంటి ఓడలోనే శాంటోరిని చూసి వచ్చాం. ఓడలోని గదుల గురించి, భోజనం గురించి రాసేవారు చాలామంది ఉన్నారు కనుక ఆ జోలికి వెళ్లకుండా, ఓడ ఆగిన తరువాత దీవి మీద ఎలా తిరగాలి, అక్కడి ఏర్పాట్లను ఎంతవరకు నమ్ముకోవచ్చు అన్నంతవరకే రాస్తున్నాను. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో వెళ్లేవారు టికెట్లు కొనకముందే తెలుసుకోవలసిన సంగతి ఇది.

రోడ్స్ దీవిలో ఓడ రేవు గట్టుకే ఆనుకుంటుంది, దిగి నడిస్తే పాత కోట గోడలు వస్తాయి. శాంటోరినిలో ఆ వీలు లేదు. అగ్నిపర్వత విస్ఫోటాలకు కుంగిపోయిన నేలలోకి సముద్రం చేరి ఏర్పడిన ఆ మడుగు కొన్నిచోట్ల దాదాపు 400 మీటర్ల లోతు ఉంటుంది, దాని చుట్టూ నిట్టనిలువు కొండగోడ, ఆ గోడ అంచున సుమారు 220 మీటర్ల ఎత్తులో ఫిరా పట్టణం ఉంటాయి. అందువల్ల పెద్ద ఓడలు నీళ్ల మధ్యనే నిలిచిపోతాయి, ప్రయాణికులను స్థానిక పడవలవారు ఒడ్డుకు చేరుస్తారు. భావనపాడు తీరంలో పుట్టి పెరిగిన మా నాన్నగారికి పడవ ఊపు లెక్కలోనిది కాదు గాని, అమ్మ ఓడ నుంచి పడవలోకి అడుగు వేయడానికి కాస్త తటపటాయించింది. పడవవాళ్లు ఇద్దరు చెరోవైపు మోచేతులు పట్టుకుని, అల తగ్గేదాకా ఆగి, ఆమెను నెమ్మదిగా దించిన తీరు చూసి నాకు వాళ్ల పని మీద గౌరవం కలిగింది.

పడవ చేర్చేది ఫిరా కింద ఉన్న పాత రేవుకు. అక్కడి నుంచి పైకి కార్లు వెళ్లే రోడ్డు లేదు. కేబుల్ కారు ఎక్కాలి, లేదా 588 మెట్లు ఎక్కాలి, లేదా గాడిద మీద వెళ్లాలి. కేబుల్ కారును నోమికోస్ దంపతుల పేరిట ఉన్న ధర్మసంస్థ దీవికి కానుకగా ఇచ్చింది. వరుసగా కట్టిన ఆరు పెట్టెలు, పెట్టెకు ఆరుగురు చొప్పున, మూడు నిమిషాల్లో కొండ అంచుకు చేరతాయి. కుదుపు లేదు, భయం లేదు, కిటికీలోంచి కొండగోడలోని ఎరుపు, నలుపు, తెలుపు పొరలు ఒకదాని మీద ఒకటి కనిపిస్తాయి. ఎక్కే చోటు మెట్లుమెట్లుగా ఉంటుంది కనుక చక్రాల కుర్చీలో వచ్చేవారికి మాత్రం అది కష్టమే. సేవగా చూస్తే దీనికి నేను పూర్తి మార్కులు వేస్తాను. అయితే గంటకు ఎక్కించగలిగింది సుమారు 1200 మందిని మాత్రమే. ఒకేసారి మూడు నాలుగు ఓడలు వచ్చిన రోజున ఈ లెక్క ఎక్కడ తేలుతుందో ఎవరికైనా అర్థమవుతుంది.

గాడిదల మీద వెళ్లవద్దని గట్టిగా చెబుతాను. 100 కిలోలకు గాని, జంతువు బరువులో అయిదో వంతుకు గాని మించిన భారం మోయించరాదని 2018లో గ్రీసు ప్రభుత్వం నిబంధన పెట్టింది. నిబంధన ఉన్నా, మండే ఎండలో బరువులతో ఆ రాతి మెట్లు ఎక్కి దిగే మూగజీవాలను చూస్తే మనసు ఒప్పుకోదు. నడిచి దిగుదామనుకునే వారికీ అదే దారి. నున్నబడిన రాళ్లు, వాటి మీద పేడ, ఎదురుగా వచ్చే గాడిదల మంద ఉంటాయి కనుక పట్టున్న బూట్లు, గట్టి మోకాళ్లు ఉన్నవారే ఆ మెట్లకు సాహసించాలి.

పైకి చేరిన తరువాత ప్రజా రవాణా బస్సులు నాకు ఎంతగానో నచ్చాయి. మన శ్రీకాకుళం కాంప్లెక్స్‌లో లాగే ఊళ్లన్నిటికీ బస్సులు ఫిరా బస్టాండు నుంచే బయలుదేరతాయి. కనుక ఉత్తరపు కొసన ఉన్న, యాత్రికులందరూ చూడాలనుకునే ఇయా ఊరి నుంచి దక్షిణాన ఉన్న అక్రోతిరికి వెళ్లాలంటే మళ్లీ ఫిరాకు వచ్చి బస్సు మారవలసిందే. బస్సులో కండక్టరు వచ్చి టికెట్టు కొడతాడు, చిల్లర యూరోలు దగ్గర ఉంచుకుంటే పని తేలిక. ఇయా పదకొండు కిలోమీటర్లే, అరగంట ప్రయాణం. టాక్సీతో పోలిస్తే ఖర్చు నామమాత్రం. పైగా దీవి మొత్తానికి టాక్సీలు కొద్దిగానే ఉంటాయి కనుక వాటి మీద ఆశ పెట్టుకోకూడదు. రద్దీ వేళల్లో ఇయా బస్సులో నిలబడి వెళ్లవలసి రావచ్చు, మలుపుల దారిలో పెద్దవాళ్లకు అది ఇబ్బందే.

ఇక్కడ దూరాలు చిన్నవి, కాలాన్ని తినేసేది కొండ దిగడమే. అందుకే ఈ ఏర్పాట్లను వెళ్లేటప్పటి సుఖాన్ని బట్టి కాక, తిరుగు ప్రయాణాన్ని బట్టి తూచాలని నా అభిప్రాయం. మధ్యాహ్నం తరువాత అన్ని ఓడల జనమూ ఒకేసారి కేబుల్ కారు దగ్గర పోగవుతారు, వీధుల్లోకి సాగిన ఆ వరుసలో గంటకు పైగా నిలబడవలసి వస్తుంది. అందుచేత ఓడకు వెళ్లే చివరి పడవ వేళకు రెండు గంటలు ముందే ఫిరాకు చేరుకోవాలి. సొంతంగా తిరిగేవారి కోసం ఓడ ఆగదు. ఓడవారే నడిపే యాత్ర టికెట్టు కొన్నవారిని తిరిగి చేర్చే బాధ్యత మాత్రం ఓడవారిదే.

ఆ యాత్ర ఖరీదైనదే, అయినా పెద్దవాళ్లున్న కుటుంబాలకు అందులో నిజమైన మేలు ఉంది. వారిని సాధారణంగా ముందుగానే అథినియోస్ రేవుకు చేరుస్తారు, అక్కడ బస్సు సిద్ధంగా ఉండి మలుపుల రోడ్డు మీదుగా పైకి తీసుకువెళుతుంది, ఉదయపు కేబుల్ కారు వరుస తప్పుతుంది. టికెట్టు కొనేముందు తిరుగు ప్రయాణం ఏ రేవు నుంచో అడిగి తెలుసుకోవాలి. చాలా యాత్రలు చివరికి ఫిరాలో దించి కేబుల్ కారుకే వదిలేస్తాయి.

2025 నుంచి రోజుకు 8,000 మంది క్రూయిజ్ ప్రయాణికులకే అనుమతి అని పరిమితి పెట్టారు. అదే ఏడాది జులై నుంచి మనిషికి రుసుము కూడా వసూలు చేస్తున్నారు, జూన్ నుంచి సెప్టెంబరు దాకా అది 20 యూరోలు. ఆ సొమ్ముతోనైనా కేబుల్ కారు వరుస మీద నీడ వేసి, ముసలివారు కూర్చోవడానికి బల్లలు పెడితే ఎంతో పుణ్యం.

యాత్ర టికెట్టు కొనని పెద్దవాళ్లకు నా సలహా ఇయా ఆశ వదులుకోమనే. అమ్మానాన్నలను మేము ఫిరాలోనే ఉంచి, పావుగంట నడక దూరంలోని ఫిరోస్తెఫానీ దాకా మాత్రం నెమ్మదిగా నడిపించాం. మడుగు, అందులోని నల్లటి అగ్నిపర్వతపు దిబ్బ, కింద బొమ్మల్లా నిలిచిన ఓడలు అన్నీ అక్కడి నుంచే కనిపిస్తాయి, మధ్యాహ్నపు జనం పోగవకముందే కేబుల్ కారు కూడా అందుతుంది.