లాస్ట్ ఆఫ్ ది సమ్మర్ వైన్: నలుగురిలో మూడో పెద్దాయన ఎవరైతే మేలు?

'లాస్ట్ ఆఫ్ ది సమ్మర్ వైన్' అనే బ్రిటిష్ టీవీ కామెడీ ఎక్కడ మొదలుపెట్టాలి అని ఎవరైనా అడిగితే, అందులోని ముగ్గురు పెద్దాయనల్లో మారుతూ వచ్చిన ఆ మూడో ఆయన ఎవరు కావాలో ముందు తేల్చుకోమంటాను. 1973 నుంచి 2010 దాకా బీబీసీలో వచ్చింది, 31 సిరీస్‌లు (అంటే సీజన్లు), 295 ఎపిసోడ్లు, అన్నీ రాసింది రాయ్ క్లార్క్ ఒక్కడే. వరసగా అన్నీ చూడమంటే ఎవరికైనా కష్టమే.

కథంటూ పెద్దగా ఏమీ లేదు. ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్ కొండల్లో ఒక ఊరు (బయటి షూటింగ్ హోమ్‌ఫర్త్‌లో, దాని చుట్టుపక్కల జరిగింది), పనీపాటా లేని ముగ్గురు స్నేహితులు, రోజంతా తిరుగుళ్ళు, కబుర్లు, మధ్యలో ఏదో ఒక పిచ్చి పని. కాంపో, క్లెగ్ ఇద్దరూ ఉండనే ఉంటారు. కాంపో అంటే బిల్ ఓవెన్: మాసిన బట్టలు, కాళ్ళకి పొడుగాటి రబ్బరు వెల్లింగ్టన్ బూట్లు, ప్యాంటు జారకుండా బెల్టు బదులు తాడు, జేబులో ఒక అగ్గిపెట్టె. అందులో ఏముందో మనకి చూపించరు, అది తెరిచి చూసినవాళ్ళ మొహాలు మాత్రం చూపిస్తారు. క్లెగ్ అంటే పీటర్ శాలిస్: భార్య పోయిన మనిషి, ఎవరి జోలికీ పోడు, మెల్లగా ఒక మాట అనేసి ఊరుకుంటాడు. మొత్తం 295 ఎపిసోడ్లలోనూ ఉన్నది ఆయనొక్కడే. వీళ్ళిద్దర్నీ కదిలించడానికి ఒక పెత్తందారు కావాలి, ఆ మూడో మనిషే మారుతూ వచ్చాడు.

మొదటివాడు బ్లామైర్ (మైకేల్ బేట్స్). ఇస్త్రీ మడత నలగని మనిషి, పద్ధతీ మర్యాదా అంటే మహా పట్టింపు. కాంపోని చూస్తేనే ఒళ్ళు మంట, కానీ వదిలిపెట్టి ఉండలేడు. ఈ రెండు సిరీస్‌లలో కిందపడడాలు, దొర్లడాలు తక్కువ, మాటలు ఎక్కువ. లైబ్రరీలో కూర్చుని చావు గురించి, దేవుడి గురించి, పెళ్ళి గురించి వాదించుకుంటూ ఉంటారు. నవ్వు వస్తుంది గానీ దాని కింద కాస్త దిగులు కూడా ఉంటుంది. రాత పరంగా నాకు ఇదే అన్నిటికన్నా పదునుగా అనిపిస్తుంది. బేట్స్ జబ్బుపడి తప్పుకున్నారు, 1978లో పోయారు.

1976లో ఫాగీ వచ్చాడు, బ్రయాన్ వైల్డ్. నా ఓటు ఇతనికే, రెండో ఆలోచన లేదు. సైన్యంలో తానేదో ప్రాణాంతకమైన యోధుడినన్నట్టు కోతలు కోస్తాడు, నిజానికి అక్కడ చేసిన పని బోర్డుల మీద అక్షరాలు రాయడం. చేతికర్ర ఊపుకుంటూ ముందు నడుస్తాడు, దారి తనకే తెలిసినట్టు. ఎదురుగా గట్టి మనిషి ఎవరైనా కనబడ్డాడా, నెమ్మదిగా మిగతా ఇద్దరి వెనక్కి చేరతాడు. ఆ జరగడం చూడండి, మొహంలో గాంభీర్యం మాత్రం చెక్కుచెదరదు. బ్లామైర్‌ది నిజమైన పెద్దరికం, ఫాగీది తెచ్చిపెట్టుకున్నది, దాన్ని నిలబెట్టుకోవడానికి వాడు పడే పాట్లు చూస్తే నవ్వుతో పాటు జాలి కూడా వేస్తుంది. కాంపో, క్లెగ్‌లకి వాడి సంగతి మొత్తం తెలుసు, అయినా వాడి వెనకే నడుస్తారు. ఈ సీరియల్లో స్నేహమంటే నాకు అదే.

1985 తర్వాత ఫాగీ వెళ్ళిపోతే సీమోర్ వచ్చాడు (మైకేల్ ఆల్డ్రిడ్జ్), పూర్వం హెడ్మాస్టరు, ఇప్పుడు సొంతంగా యంత్రాలు తయారుచేస్తుంటాడు. ప్రతి యంత్రానికీ మొదట ఎక్కేది కాంపోనే, ఆ తర్వాత ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. పిల్లలతో కలిసి చూడ్డానికి ఇవి చాలా బాగుంటాయి. నాకు మాత్రం యంత్రం వచ్చాక కబుర్లు తగ్గిపోయాయనిపిస్తుంది, మూడు నాలుగు చూసేసరికి తర్వాత జరిగేది ముందే తెలిసిపోతుంది. 1990లో ఫాగీ తిరిగొచ్చి 1997 దాకా ఉన్నాడు, అవీ బాగుంటాయి, కాకపోతే మొదటి విడతంత చురుకు లేదు.

ఆ తర్వాత ట్రూలీ, ఫ్రాంక్ థార్న్‌టన్, రిటైరైన పోలీసు. హాయిగా ఉండే మనిషి, క్లెగ్‌తో భలే కుదిరింది. ఒక్కటే లోటు, పెత్తనం చేద్దామన్న ఆరాటం లేదు, అది లేకపోతే కాంపో ఎవర్ని ఆటపట్టిస్తాడు? అయితే ఈ దశని కొట్టిపారేయకండి. 1999 జులైలో బిల్ ఓవెన్ చనిపోయారు. మనిషిని చెప్పాపెట్టకుండా మాయం చేసెయ్యకుండా, 2000లో కాంపో చావునీ అంత్యక్రియల్నీ కథలోకే తెచ్చి వరసగా మూడు ఎపిసోడ్లు చేశారు. అందులో ట్రూలీ నిదానమే అన్నిటినీ మోసింది, ఫాగీ హడావుడి అక్కడ ఇమిడేది కాదు. ఆ తర్వాత ఓవెన్ సొంత కొడుకు టామ్ ఓవెన్, కాంపో కొడుకుగా వచ్చాడు. ఓవెన్ పుట్టింది లండన్లో అయినా సమాధి హోమ్‌ఫర్త్ పక్కన అప్పర్‌థాంగ్ చర్చిలోనే, 2017లో శాలిస్‌ని కూడా ఆయన పక్కనే పెట్టారు.

ఫాగీయే మేలు అన్నాను కదా అని నేరుగా 1976కి వెళ్ళిపోకండి. బ్లామైర్ రెండు సిరీస్‌లూ చూసేసి వెళ్ళండి, అవి చిన్నవే. ఫాగీ వచ్చే మొదటి ఎపిసోడ్‌లో బ్లామైర్ దగ్గర్నుంచి ఒక ఉత్తరం వస్తుంది, తనకి పెళ్ళయిందని, ఇక రాలేనని, మన చిన్నప్పటి ఫాగీని కలవండని. బ్లామైర్‌తో కొన్నాళ్ళు తిరిగినవాళ్ళకే ఆ ఉత్తరం తగులుతుంది.