ఏడేళ్లుగా వాడుతున్న బ్లూ-రే రైటర్: మా నాయన దుర్యోధన వేషం దాచిపెట్టిన కథ

"ఇంకా ఎవురు వాడతా ఉండారన్నా అవి?" అన్నాడు కంప్యూటర్ అంగట్లో పిల్లోడు. 2018లో మాట ఇది. అప్పటికే తిరుపతిలో నాలుగు అంగళ్లు తిరిగొచ్చాను. డీవీడీ రైటర్ అయితే అటక మీద నుంచి తీసి దుమ్ము దులిపి ఇస్తామన్నారు. బ్లూ-రే రైటర్, అంటే డీవీడీ కంటే చాలా ఎక్కువ పట్టే బ్లూ-రే డిస్కుల మీద వీడియోలూ ఫైళ్లూ రాసే డ్రైవు, అనేసరికి ఎగాదిగా చూశారు. వాళ్ల తప్పేం లేదు. సినిమాలన్నీ ఫోన్లోకి వచ్చేశాక ఇది ఎవరికి కావాలి?

నాకు కావాలి. మాది చిత్తూరు దగ్గర పల్లె. ఎండాకాలంలో ద్రౌపదమ్మ గుడి దగ్గర పద్దెనిమిది రోజులు భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. మా నాయన చాలా ఏళ్లు దుర్యోధనుడి వేషం కట్టాడు. మోకాళ్లు సహకరించక ఆయన గజ్జెలు విప్పే రోజులు దగ్గర పడుతున్నాయని తెలిసి నేనొక కెమెరా కొన్నాను. అప్పటి నుంచి ప్రతి ఏడూ సెలవు పెట్టి వెళ్లి రాత్రంతా రికార్డు చేస్తాను.

ఇక్కడే లెక్క మొదలవుతుంది. నా కెమెరా సెకనుకు 24 మెగాబిట్ల చొప్పున రాస్తుంది, అంటే గంటకు దాదాపు 11 జీబీ. రాత్రి పదికి మొదలై తెల్లవారి ఐదుకు ముగిసే నాటకం 75 జీబీ దాటుతుంది. డీవీడీలో పట్టేది 4.7 జీబీ. అర్జునుడు తపస్సు మాను (తపస్సు ఘట్టంలో ఎక్కే పొడవాటి స్తంభం) ఎక్కి దిగేలోపు పదహారు డీవీడీలు అయిపోతాయి. 25 జీబీ బ్లూ-రే డిస్కులైతే నాలుగు చాలు. ఒక చిన్న సంగతి: 25 జీబీ డిస్కు పెడితే విండోస్ 23.3 అని చూపిస్తుంది. మొదటిసారి అంగడాయన మోసం చేశాడనుకున్నాను. డిస్కు మీద వెయ్యితో లెక్క, విండోస్‌లో 1024తో లెక్క, అంతే.

హార్డ్ డిస్కు చవక కదా అంటారు. నా దగ్గర అదీ ఉండేది. 2021 నవంబర్‌లో తిరుపతిని ముంచిన వానలు గుర్తున్నాయా? మా వీధిలో మోకాటిలోతు నీళ్లు. కింది గదిలో బల్ల అడుగు అరలో ఉన్న రెండు హార్డ్ డిస్కులూ బురద నీళ్లలో మునిగాయి. ఒకటి మళ్లీ తిరగనే లేదు. అదే అరలో ప్లాస్టిక్ కవర్లలో ఉన్న ముప్పై చిల్లర బ్లూ-రేలు కూడా మునిగాయి. వాటిని కొళాయి కింద కడిగి, మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచు వైపు తుడిచి ఆరబెట్టాను. ఒక్కటి తప్ప అన్నీ చదివాయి. ఆ ఒక్కటీ నేనే గుండ్రంగా రుద్ది గీతలు పెట్టుకున్నది. ఇప్పుడు డిస్కులన్నీ మిద్దె మీది గదిలో, బీరువాలో ఉన్నాయి.

డ్రైవు దగ్గరికొద్దాం. నేను మొదట కొన్నది తప్పు డ్రైవు. 2017లో ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న పలచటి ఎక్స్‌టర్నల్ డ్రైవు, అరచేతిలో పట్టేది, ఒక్క యూఎస్‌బీ వైరుతో నడిచేది. కంపెనీ పేరు చెప్పను, ఆ మోడల్ ఇప్పుడు దొరకదు కూడా. చదవడానికి బాగానే ఉండేది. రాయడం మొదలుపెడితే సగంలో టిక్కు టిక్కుమని ఆగిపోయేది. పది డిస్కులకు మూడు పాడు. చాన్నాళ్లకు అర్థమైంది: పాత యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీయాంపులు, 3.0 పోర్టు ఇచ్చేది 900. లేజరు గట్టిగా వెలిగి రాసే క్షణంలో ఆ డ్రైవుకు అంతకంటే ఎక్కువ కావాలి. పెట్టెలో రెండు తలల వైరు ఇచ్చింది అందుకే. నేను దాన్ని చూసి, ఎందుకో అనుకుని పక్కన పడేశాను. రెండు తలలూ కంప్యూటర్ క్యాబినెట్ వెనక వైపు పోర్టుల్లో గుచ్చాక కాస్త దారికొచ్చింది గానీ, ఏడాది తిరిగేసరికి రాయడం పూర్తిగా మానేసింది. లాప్‌టాప్ తప్ప ఇంకేమీ లేనివాళ్లకు అలాంటిదే గతి. వాళ్లు ఆ రెండో తలను మాత్రం మరవద్దు.

రెండోది 5.25 అంగుళాల ఇంటర్నల్ డ్రైవు, క్యాబినెట్ లోపల బిగించేది. మదరాసు వెళ్లినప్పుడు ఎలక్ట్రానిక్స్ అంగళ్లుండే రిచీ స్ట్రీట్‌లో కొన్నాను. ఇటుక రాయంత బరువు, అందం లేదు. ఏడేళ్లలో దాదాపు రెండు వందల డిస్కులు రాసింది. పాడైనవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, వాటిలోనూ సగం కరెంటు పోయి పాడైనవే. ఒక్కసారి రాసే డిస్కు మధ్యలో ఆగిందంటే టీ గ్లాసు కింద పెట్టుకోవడానికే పనికొస్తుంది. యూపీఎస్ లేకుండా రాయొద్దు.

కొనేటప్పుడు అందరూ పెట్టె మీద రాసే వేగం 16ఎక్స్ ఉందా, 12ఎక్స్ ఉందా అని చూస్తారు. నేనూ చూశాను. ఏడేళ్లలో ఒక్కసారి కూడా 16ఎక్స్‌లో రాయలేదు. బ్లూ-రేలో 1ఎక్స్ అంటే సెకనుకు 4.5 ఎంబీ. 4ఎక్స్‌లో పెడితే నిండు డిస్కుకు ఇరవై మూడు, ఇరవై నాలుగు నిమిషాలు. రాసింది సరిపోల్చి చూడటానికి ఇంకొంత. అంతసేపట్లో అన్నం తినేసి రావచ్చు. పెద్ద వేగం డిస్కు అంచు దగ్గరికి వచ్చాకే అందుతుంది, మొదట్నుంచీ ఉండదు. పైగా మన దగ్గర దొరికే డిస్కుల్లో చాలా వాటి మీద రాసుండేదే 4ఎక్స్ లేదా 6ఎక్స్. ఆ అంకె కోసం వెయ్యి రూపాయలు ఎక్కువ పెట్టడం నాకు దండగ అనిపిస్తుంది.

కొనేముందు మీ క్యాబినెట్ ముందుభాగం చూసుకోండి. పోయినేడు మా తమ్ముడు కొన్నదానికి ముందు అంతా గాజూ లైట్లే, ఈ డ్రైవు దూర్చే సందే లేదు. వాడు సాటా (ఇలాంటి డ్రైవుల వెనక ఉండే కనెక్షన్) నుంచి యూఎస్‌బీకి మార్చే చిన్న వైరు తెచ్చి తగిలించి, డ్రైవు పోయిందని నాకు ఫోన్ చేశాడు. డ్రైవు పోలేదు. పెద్ద డ్రైవులకు 5 వోల్టులతో పాటు 12 వోల్టులు కూడా కావాలి. ఆ వైరు చిన్న హార్డ్ డిస్కుల కోసం చేసింది, 12 వోల్టులు ఇవ్వదు. వేరే అడాప్టర్ ఉండే వైరు కొన్నాక నడిచింది. నేనైతే దీని కోసమే పాత క్యాబినెట్‌ను అమ్మకుండా ఉంచుకున్నాను. మా ఆవిడ దాన్ని చూసినప్పుడల్లా ఒక మాట అంటుంది, అది ఇక్కడ రాయను.

నన్ను అన్నిటికంటే ఎక్కువ ఏడిపించినవి డిస్కులు. రిచీ స్ట్రీట్‌లోనే చవగ్గా వచ్చాయని యాభై డిస్కుల కట్ట ఒకటి తెచ్చాను. మూడేళ్ల తర్వాత తీసి చూస్తే పదకొండు డిస్కులు చదవలేదు. కట్ట పైన కాగితం మీద చిన్న అక్షరాల్లో ఎల్‌టీహెచ్ అని ఉంది. మామూలు బ్లూ-రే డిస్కులో రాసే పొర లోహాల లాంటి పదార్థంతో చేస్తారు. ఎల్‌టీహెచ్ రకంలో పాత డీవీడీల మాదిరి రంగు పొర ఉంటుంది. వెలుతురూ వేడీ దానికి పడవు. మే నెలలో తిరుపతి మిద్దె మీద గది ఎట్లా కాలుతుందో మీకు చెప్పాలా! అందుకే ఇప్పుడు బీరువాను గోడకు ఆనించను, ఎండాకాలం నాలుగు నెలలూ డిస్కులను కింద గదిలో ఎత్తైన అరలో పెడతాను. ఎల్‌టీహెచ్ అన్న మూడక్షరాలు కనిపిస్తే ఉచితంగా ఇచ్చినా తీసుకోను. నాయన చివరిసారి వేషం కట్టిన రాత్రిని మాత్రం ఎక్కువ కాలం నిలవడం కోసమే చేసే ఎం-డిస్క్ రకంలో రెండు ప్రతులు రాశాను. వెయ్యేళ్లు ఉంటుందని దాని ప్రచారం. నా మనవడి దాకా ఉంటే నాకు చాలు.

50 జీబీ రెండు పొరల డిస్కులు కూడా వాడాను. ఖరీదెక్కువ, నా డ్రైవులో రెండో పొరకు మారే చోట రెండుసార్లు తప్పింది. మానేశాను.

సినిమాలు చూడటానికి కొనేవాళ్లకు రెండు మాటలు. డ్రైవు పెట్టగానే సినిమా ఆడదు. విండోస్‌లో బ్లూ-రే ఆడించే ప్రోగ్రామ్ రాదు, డబ్బు పెట్టి కొనాలి. కాపీ కొట్టకుండా తాళం వేసిన డిస్కులను ఉచితంగా దొరికే వీఎల్‌సీ ప్లేయరు నేరుగా ఆడించదు. 4కె డిస్కులైతే ఇంకా చిక్కు: ఆ ప్రోగ్రాములు అడిగే ఎస్‌జీఎక్స్ అనే భద్రతా ఏర్పాటును ఇంటెల్ తన 11వ తరం ప్రాసెసర్ల నుంచి తీసేసింది. కొత్త కంప్యూటర్ కొన్నవాడికంటే పాతది ఉన్నవాడికే అదృష్టం. అమెరికా నుంచి ఎవరైనా డిస్కులు తెచ్చిస్తామంటే రీజియన్, అంటే ఏ దేశాల్లో ఆడుతుందో చెప్పే అక్షరం, చూడమనండి. అక్కడిది ఏ, మనది సీ. మా బావమరిది తెచ్చిన మూడు డిస్కుల్లో ఒకటి ఇప్పటికీ ఆడలేదు. సినిమా కోసమే అయితే టీవీకి తగిలించే ప్లేయరు కొనుక్కోండి.

ఇప్పుడు కొనాలా అంటే, ఆలస్యం చేయొద్దంటాను. 2025 ఫిబ్రవరిలో సోనీ రాసే బ్లూ-రే డిస్కుల తయారీ ఆపేసింది. పాత వీడియో కెమెరాల్లో వేసే మినీడీవీ క్యాసెట్లు కూడా దాంతోపాటే పోయాయి. మా ఇంట్లో పెళ్లిళ్ల క్యాసెట్లు అప్పటిదాకా అటక మీదే ఉండేవి, ఆ వార్త చదివినరోజే దించాను. పయనీర్ కూడా అదే ఏడాది ఈ డ్రైవుల వ్యాపారం నుంచి తప్పుకుంది. ఎల్‌జీ, ఆసుస్ పేర్లతో ఇంకా దొరుకుతున్నాయి. పాతది ఎవరైనా అమ్ముతుంటే డిస్కు చదివిందని చూసి మురిసిపోకండి. మీ కళ్ల ముందు ఒక డిస్కు రాయించి, దాన్ని ఇంకో డ్రైవులో చదివించండి. చదివే సత్తా పోకముందే రాసే సత్తా పోతుంది, నా మొదటి డ్రైవు నేర్పిన పాఠం ఇది.

నా డ్రైవుకూ వయసు మీద పడింది. పోయిన నెల ట్రే బయటికి రానని మొరాయించింది. ముందున్న చిన్న బొక్కలో పిన్ను గుచ్చి లాగాను. లోపల రబ్బరు బెల్టు సాగింది. బైరాగిపట్టెడలో పాత టేపురికార్డర్లు బాగుచేసే ముసలాయన తన డబ్బాలోంచి సరిపోయేది ఒకటి వెతికి వేశాడు, అరవై రూపాయలు తీసుకున్నాడు. మళ్లీ బాగానే నడుస్తోంది. అయినా గుబులు తీరక అలాంటిదే ఇంకోటి తెప్పించి, ఒక డిస్కు రాసి చూసి, మళ్లీ అట్టపెట్టెలోనే పెట్టాను. అది ఆ పాత క్యాబినెట్ పక్కనే ఉంది. మా ఆవిడ ఇంకా చూడలేదు.