ఫ్లాట్ కొనేముందు బిల్డర్ లోన్ కాగితాలు అడిగి చూడండి

వైజాగ్‌లో కడుతున్న ఫ్లాట్ బుక్ చేసుకున్నవాళ్లు, చేసుకోబోతున్నవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. మధురవాడ దగ్గర ఒక ప్రాజెక్టులో మా ఫ్లాట్ రిజిస్ట్రేషన్ ఆగిపోయింది. జీవీఎంసీ (నగరపాలక సంస్థ) ప్లాన్ ఉంది, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు ఉంది, మాకు హోమ్ లోన్ కూడా సాంక్షన్ అయింది. స్టీల్ ప్లాంటులో రిటైరైన మా మావయ్యగారు పీఎఫ్ డబ్బులోంచి కొంత సర్దారు. ఇంత ఉన్నా బిల్డర్‌కి అప్పిచ్చిన సంస్థ మా ఫ్లాటుకి ఎన్‌ఓసీ (ఆ ఫ్లాటు అమ్మకానికి తమకు అభ్యంతరం లేదని రాసిచ్చే పత్రం) ఇవ్వనంటోంది.

స్థలం తాకట్టులో ఉందని బుకింగ్ నాడే చెప్పారు. అందులో తప్పేం లేదు, చాలా ప్రాజెక్టులు అలాగే నడుస్తాయి. దాచిపెట్టింది ఏంటంటే, అదే స్థలం మీద ఇంకా అప్పు తెచ్చుకునే వెసులుబాటు ఆ లోన్ అగ్రిమెంటులోనే ఉంది. గట్టిగా నిలదీస్తే చివరికి ఆ పేజీ చూపించారు. అప్పిచ్చినవాళ్లు ఒప్పుకుంటే ఇదే ఆస్తి హామీగా అదనపు రుణం తీసుకోవచ్చట, కొత్తగా వచ్చే సంస్థకీ ఆస్తి మీద సమాన హక్కు ఉంటుందట. మేం డబ్బు కట్టాక ఆ వీలు వాడుకున్నారు. అప్పు పెరిగేసరికి ఒక్కో ఫ్లాటు విడిపించడానికి బిల్డర్ కట్టాల్సిన మొత్తమూ పెరిగింది. ఆయన కట్టడు, వాళ్లు ఎన్‌ఓసీ ఇవ్వరు. సైట్ ఆఫీసుకి వెళ్తే "ఫార్మాలిటీయే సార్, వచ్చేస్తుంది" అంటారు, అంతే.

ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం) ఒక్కటే చూసి ధైర్యపడకండి. దస్తావేజులు బ్యాంకులో పెట్టి చేసే తాకట్టు రిజిస్టర్ చేయించకపోతే ఈసీలో కనపడదు. బిల్డర్‌ది కంపెనీ అయితే కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్లో ఆ కంపెనీ మీదున్న చార్జీల (అంటే దాని ఆస్తుల మీదున్న తాకట్టుల) జాబితా ఉంటుంది. కంపెనీల చట్టం, 2013 ప్రకారం తాకట్టు పెట్టినా, దాని మొత్తం పెంచినా మామూలుగా 30 రోజుల్లో అక్కడ నమోదు చేయించాలి. మాకు విషయం బయటపడింది అక్కడే. పాత అప్పు పక్కన మాడిఫికేషన్ తేదీ, కింద మేం ఎప్పుడూ వినని ఇంకో సంస్థ పేరు. పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్ అయితే ఆ పోర్టల్లో దొరకదు, ఫీజు కట్టి సెర్సాయ్ (తాకట్టులు నమోదయ్యే కేంద్ర రిజిస్ట్రీ)లో వెతకాలి. బుకింగప్పుడు చూసి వదిలేయొద్దు, ప్రతి పెద్ద వాయిదాకి ముందు మళ్లీ చూడండి.

రెరా చట్టం, 2016 ప్రకారం సేల్ అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకుండా ఫ్లాటు ధరలో 10 శాతం మించి తీసుకోకూడదు. అగ్రిమెంట్ అయ్యాక ఆ ఫ్లాటుని తాకట్టు పెట్టకూడదు, పెట్టినా కొన్నవాళ్ల హక్కు పోదు. మా అగ్రిమెంట్ రిజిస్టరై ఉంది కాబట్టే ఏపీ రెరాలో ధైర్యంగా ఫిర్యాదు వేశాం. అదే ప్రాజెక్టులో వట్టి రసీదులు పట్టుకుని తిరుగుతున్నవాళ్లని చూస్తే మాకే టెన్షన్‌గా ఉంది. రిజిస్ట్రేషన్ ఖర్చు దండగ అని ఎవరైనా చెబితే అస్సలు వినకండి.

ఎన్‌ఓసీలో మీ ఫ్లాటు నంబరు, ఎంత కడితే విడుదల చేస్తారో, ఏ ఖాతాలో కట్టాలో స్పష్టంగా ఉండాలి. తర్వాత తెచ్చే ఏ అప్పూ మీ ఫ్లాటుకి వర్తించదని అప్పిచ్చిన సంస్థ చేతే రాయించుకోండి. బిల్డర్ తన లెటర్‌హెడ్ మీద రాసిచ్చింది ఆ సంస్థ ముందు చెల్లదు.