రేటింగ్ తగ్గింది నిరసన వల్లా, ఎన్నికల వల్లా?

2016లో అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు కాలిన్ కేపర్నిక్, నల్లజాతివారిపై పోలీసుల హింసకు నిరసనగా, జాతీయ గీతం వేళ ఒంటి మోకాలిపై కూర్చున్నాడు. ఆ సీజన్‌లో ఆ ఆట లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ టీవీ ప్రేక్షకులు సుమారు 8 శాతం, 2017లో మరో 10 శాతం తగ్గారు. నెపం నిరసన మీద పడింది. ఒళ్లు మండి టీవీ కట్టేసినవాళ్లు ఉన్నారు, కాదనలేం.

నా ఓటు మాత్రం ఎన్నికల కారణానికే. 2016లో ట్రంప్, హిల్లరీల తొలి డిబేట్ సరిగ్గా సోమవారం రాత్రి మ్యాచ్ వేళకే పడింది. నవంబరులో పోలింగ్ ముగిశాక ప్రేక్షకులు కొంత తిరిగొచ్చారు. పైగా అప్పట్లో కేబుల్ తీయించేసేవాళ్లు ఏటా పెరుగుతూ వచ్చారు. అన్నట్టు, మామూలు ఆదివారం మ్యాచ్‌ల్లో గీతం టీవీలో కనిపించడమే అరుదు. ఆ టైములో ప్రకటనలు నడుస్తాయి!

2018లో రేటింగ్ 5 శాతం పెరిగింది. అప్పటికి మోకాళ్ల నిరసనా తగ్గింది కాబట్టి, ఆ అంకెను ఇరుపక్షాలూ వాడుకుంటాయి.