పాతకాలపు పెద్ద గ్లైడర్ కొంటున్నారా? గుడ్డ కింద స్పార్ చూడకుండా డబ్బివ్వకండి

సెకండ్‌హ్యాండ్‌లో పాతకాలపు డిజైన్ ఆర్‌సీ గ్లైడర్ (రిమోట్‌తో ఎగరేసే, ఇంజన్ లేని మోడల్ విమానం) కొనాలనుకునే వాళ్లు దయచేసి ఇది చదవండి. నేను మినిమోవా అనే పాత జర్మన్ గ్లైడర్‌కి నాలుగో వంతు స్కేల్ మోడల్ ఒకటి కొన్నాను. అసలు గ్లైడర్ రెక్కలు ఈ చివర నుంచి ఆ చివరకు 17 మీటర్లు, మోడల్‌వి 4.25. మొదట్లో పైకి లేచి, మధ్యలో వంపు తిరిగే ఆ 1935 నాటి గల్ వింగ్ అంటే నాకు ఏళ్ల తరబడి ప్రాణం.

అమ్మినాయన రెండు సీజన్లు ఎగరేశానన్నాడు. రెక్కల మీద గుడ్డ వేయకముందు తీసిన ఫొటోలు అడిగితే, ఫోన్ మారిందన్నాడు. అక్కడే ఆగాల్సింది. ఫినిషింగ్ చూసి ఆగలేకపోయాను.

మూడో ఫ్లైట్‌లో పైకి లాక్కెళ్లే టో తాడు వదిలాక చిన్న డైవ్ పెట్టి, ముక్కు పైకి లేచేలా నెమ్మదిగానే ఎలివేటర్ లాగాను. ఎడమ రెక్క వంపు దగ్గర ఫట్‌మని విరిగి పైకి మడతపడింది. 7 కిలోల మోడల్ ఖాళీ నేలలో పడింది. కింద ఎవరైనా ఉండి ఉంటే అన్న ఆలోచనకే నాకు ఇప్పటికీ నిద్ర పట్టడం లేదు.

గుడ్డ చింపి చూశాను. స్పార్‌కి, అంటే రెక్క పొడవునా బరువు మోసే దూలానికి, పైనా కిందా మంచి స్ప్రూస్ చెక్క పట్టీలే వేశాడు. కానీ వాటి మధ్య ఉండాల్సిన వెబ్‌లు (రెండు పట్టీలను కలిపే నిలువు పలకలు) మొదటి 4 రిబ్‌ల (రెక్కకు ఆకారమిచ్చే అడ్డ పక్కటెముకల) దాకానే ఉన్నాయి. ఆ తేలికైన బాల్సా చెక్క ముక్కల్లో కూడా నార నిలువుగా ఉండాల్సింది, రెక్క పొడవునా ఉంది. వంపు దగ్గరైతే పట్టీలను కోసి, అంచుకు అంచు ఆనించి జిగురు పెట్టాడంతే. ఏటవాలు అతుకు లేదు, పక్కన ప్లైవుడ్ దన్ను లేదు.

గాల్లో రెక్క పైకి వంగినప్పుడు స్పార్ పై పట్టీ మీద నొక్కుడు, కింది పట్టీ మీద లాగుడు పడతాయి. చెక్క లాగుడుని తట్టుకున్నంతగా నొక్కుడుని తట్టుకోదు. పట్టుకునే వెబ్ లేకపోతే పై పట్టీ వంకర తిరిగి విరుగుతుంది. వేగం రెట్టింపైతే రెక్క మీద పడగల లోడ్ నాలుగింతలవుతుంది. అందుకే నిదానంగా తిప్పినన్నాళ్లూ ఈ లోపం బయటపడదు. ఆయన రెండు సీజన్లు ఎగరేసిన మాట నిజమే కావచ్చు. ఫోన్ చేస్తే మాత్రం తప్పంతా నా డైవ్‌దే అన్నాడు. ఆ మాట నేను ఒప్పుకోను.

కొనేముందు చీకటి గదిలో రెక్క వెనక గట్టి లైటు పెట్టండి. పల్చటి గుడ్డయితే రిబ్‌లు, వెబ్‌లు నీడల్లా కనిపిస్తాయి. రంగు మందంగా ఉంటే రెక్క మొదట్లో సర్వో (రెక్క మీది కదిలే భాగాలను తిప్పే చిన్న మోటార్) వైర్ వెళ్లే రంధ్రంలోంచి ఫోన్ కెమెరా దూర్చే వీలుందేమో చూడండి. గల్ వింగ్ అయితే వంపు దగ్గర కచ్చితంగా చూడాలి. అక్కడ చిన్న కిటికీ కోయడానికి అమ్మేవాళ్లు ఒప్పుకోకపోతే బేరం వదిలేయండి. గుడ్డకు అతుకు వేయడం గంట పని. తూకం కోసం ముక్కులో పెట్టిన సీసం ఎంతుందో కూడా అడగండి. ఈ గ్లైడర్ల ముక్కు పొట్టి కాబట్టి, తోకలో రిపేరు బరువు పెరిగితే దానికి కొన్ని రెట్ల సీసం ముందు పెట్టాల్సి వస్తుంది.

ఇంకో విషయం. అదే జిగ్ (రెక్కలు కట్టే చట్రం) మీద మరో రెండు జతల రెక్కలు చేసి అమ్మానని ఆయనే చెప్పాడు. క్రీమ్ రంగు గుడ్డ, ముక్కు మీద ఎర్ర చార ఉన్న మినిమోవా మీ దగ్గరుంటే, వంపు దగ్గర విప్పి చూసేదాకా దాన్ని ఎగరేయకండి.